దయ్యమా, డ్రాగనా?

ఆ శుక్రవారం రాత్రి మా ఇంట్లో కలిపిన పప్పుచారన్నం కంచాల్లోనే చల్లారిపోయింది. క్లయింటుతో ఆఖరి కాల్ ముగించుకుని నేను బేస్‌మెంట్ నుంచి పైకి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ దగ్గర పెద్ద యుద్ధం నడుస్తోంది. పదిహేనేళ్ళ మా అమ్మాయి ఒకపక్క, పన్నెండేళ్ళ మా అబ్బాయి ఇంకోపక్క. ఇద్దరి మొహాలూ ఎర్రబడి ఉన్నాయి. మా ఆవిడ గరిటె పట్టుకుని మధ్యలో ఐక్యరాజ్యసమితిలా నిలబడింది. అంటే అన్నీ చూస్తోంది, ఆపడం మాత్రం ఆవిడ వల్ల కావడం లేదు. తెనాలి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా నాన్నగారు మజ్జిగ గ్లాసు పట్టుకుని, అర్థం కాని ఇంగ్లీషు సినిమా చూస్తున్నట్టు ఆసక్తిగా కూర్చున్నారు.

ఏం కొంప మునిగిందోనని కంగారుపడ్డాను. ఫోన్ పగిలిందా? ఎవరి గదిలోకి ఎవరు వెళ్ళారు? తీరా విషయం ఏమిటంటే, డానీ ఫాంటమ్‌కీ జేక్ లాంగ్‌కీ పోరు పెడితే ఎవరు గెలుస్తారు! పిల్లలున్న పాఠకులు ఇప్పటికే నవ్వుకుని ఉంటారు. పేర్లు మారవచ్చు గానీ ఈ గొడవ జరగని ఇల్లు మన అసోసియేషన్‌లో ఒక్కటి కూడా ఉండదు.

మామూలుగా మా ఇంట్లో భోజనాల దగ్గర ఎక్కువ మాట్లాడేది నేనే. ఎవరి పిల్లకి ఏ కాలేజీలో సీటొచ్చింది, ఎవరి పిల్లాడు ఏ పోటీలో గెలిచాడు, ఎవరు చదువులో వెనకబడ్డారు, ఇవే నా టాపిక్‌లు. పిల్లలు తలలొంచుకుని తిని లేచిపోతారు. ఆ రోజు మొదటిసారి వాళ్ళు మాట్లాడుతుంటే నేను విన్నాను.

ఇంతకీ ఎవరీ వీరులు?

ఈ ఇద్దరితో నాకు పాత పరిచయమే ఉంది. నేను 2004లో ఎమ్మెస్ చేయడానికి ఈ దేశం వచ్చాను. నలుగురం ఒకే అపార్ట్‌మెంట్, ఒకే రైస్ కుక్కర్, మూవింగ్ సేల్‌లో ఇరవై డాలర్లకు కొన్న ఒకే టీవీ. అమెరికన్ యాస అర్థం కావడానికి కార్టూన్లు చూడమని ఒక సీనియర్ సలహా ఇచ్చాడు. సరేనని కింద అక్షరాలు పెట్టుకుని పరీక్షకు చదివినంత శ్రద్ధగా చూసేవాళ్ళం. పిల్లలకు మొన్నటిదాకా ఈ సంగతి చెప్పలేదు. చెప్పాక ఇంట్లో నా గౌరవం కొంచెం పెరిగింది.

డానీ ఫాంటమ్ 2004 ఏప్రిల్‌లో నికెలోడియన్‌లో మొదలైంది. సృష్టికర్త బుచ్ హార్ట్‌మన్. హీరో అసలు పేరు డానీ ఫెంటన్, వయసు 14. తల్లిదండ్రులు జాక్, మ్యాడీ దయ్యాలను వేటాడే శాస్త్రజ్ఞులు. దయ్యాల లోకంలోకి దారి తీసే పోర్టల్‌ని వాళ్ళు తమ బేస్‌మెంట్‌లోనే కట్టారు. అది పనిచేయలేదు. వాళ్ళు నిరాశపడి వదిలేశాక డానీ లోపలికి వెళ్ళి చూడబోయాడు. ఆన్ బటన్ లోపలే ఉంది, చెయ్యి తగిలింది. అంతే, కుర్రాడు సగం మనిషి, సగం దయ్యం అయిపోయాడు. నల్లజుట్టు తెల్లబడుతుంది, నీలికళ్ళు ఆకుపచ్చగా మారతాయి. గోడల్లోంచి దూరిపోతాడు, మాయమవుతాడు, ఎగురుతాడు.

జేక్ లాంగ్ కథ 2005 జనవరిలో డిస్నీ చానెల్‌లో 'అమెరికన్ డ్రాగన్' అనే పేరుతో వచ్చింది. సృష్టికర్త జెఫ్ గూడ్. జేక్‌కి 13 ఏళ్ళు, న్యూయార్క్ వాసి. తల్లి వైపు వాళ్ళు చైనా నుంచి వచ్చిన డ్రాగన్ వంశం. తండ్రికి ఆ వంశం సంగతే తెలియదు. విచిత్రం ఏమిటంటే ఆ శక్తి తల్లికి రాలేదు, ఒక తరం దాటి మనవడికీ మనవరాలికీ వచ్చింది. తాతగారు లావో షీ మనవడికి విద్య నేర్పే గురువు. ఆయనకు కెనాల్ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ కొట్టు ఉంటుంది. ఆరు వందల ఏళ్ళు దాటిన ఫూ అనే మాట్లాడే కుక్క కూడా ఉంటుంది. నగరంలో దాక్కుని బతికే మాయాజీవులను కాపాడటం జేక్ బాధ్యత.

రెండు సీరియళ్ళూ 2007లోనే ముగిశాయి. అయినా మా పిల్లలు పుట్టకముందే అయిపోయిన ఈ కథలు వాళ్ళ దాకా వచ్చాయి. 2023లో డానీ కథ కొనసాగింపుగా ఒక బొమ్మల నవల వచ్చింది. మావాడు దాన్ని లైబ్రరీ నుంచి తెచ్చుకుని, అక్కడి నుంచి వెనక్కి వెళ్ళి పాతవన్నీ చూశాడు. అక్క జేక్ పక్షం చేరింది. తమ్ముడు చూసినదాన్ని అక్క మెచ్చుకోకూడదన్నది ప్రపంచంలో ఎక్కడైనా రూలే కదా.

నాన్నగారి పంచాయితీ

"ఒరేయ్, నన్ను పెద్దమనిషిగా పెట్టుకోండి. కథ చెప్పండి, తీర్పు నేను చెప్తా," అన్నారు నాన్నగారు.

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. తాతగారు వచ్చి నెల దాటింది. ఈ నెలలో మావాడు ఆయనతో మాట్లాడినదంతా కలిపితే ఒక పేజీ రాదు. "బాగున్నావా", "తిన్నావా", "గుడ్ నైట్ తాతగారూ", ఇంతే. వాడి తెలుగు ఆదివారం క్లాసు తెలుగు, ఆయన ఇంగ్లీషు కరెంటు ఆఫీసు ఇంగ్లీషు. ఇద్దరికీ మధ్య నేను అనువాదకుడిని, నేనేమో ఎప్పుడూ కాల్‌లోనే ఉంటాను. అలాంటిది ఆ రాత్రి మావాడు వచ్చీరాని తెలుగులో, రెండు చేతులూ ఊపుతూ డానీ కథ మొదలుపెట్టాడు.

నాన్నగారు విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. పోర్టల్ దగ్గరికి రాగానే చెయ్యెత్తి కథ ఆపేశారు.

"ఆగాగు. స్విచ్చి యంత్రం లోపల పెట్టారా?"

"అవును తాతగారూ."

"పెట్టి మర్చిపోయారా?"

"అవును."

"మెయిన్ ఆఫ్ చెయ్యకుండా పిల్లాణ్ణి లోపలికి పోనిచ్చారా? ఇదిగో, ముందు ఆ తల్లిదండ్రులిద్దర్నీ సస్పెండ్ చెయ్యాలి. ఆ తర్వాతే మిగతా కథ."

మావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందా అని అప్పుడనిపించింది నాకు. ఆ అనుమానాన్ని అక్కడితో వదిలేశాను.

తర్వాత అక్క వంతు. డ్రాగన్ అంటే ఏమిటని నాన్నగారు అడగలేదు. "రెక్కలున్న పాము, నిప్పు కక్కుతుంది, అంతేగా?" అన్నారు. తాతగారు గురువని విన్నాక మాత్రం ఆయన కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నారు. పక్షపాతం అక్కడే కనిపించింది.

అయిదు రౌండ్లు

ఇక నా వృత్తి నన్ను ఊరుకోనివ్వలేదు. బేస్‌మెంట్ నుంచి వైట్‌బోర్డు పైకి తెచ్చాను. ఏ ప్రాజెక్టుకైనా ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకోవాలి కదా! అందరం కలిసి నిబంధనలు తేల్చాం. స్నేహితుల సాయం ఉండకూడదు. ఇద్దరికీ కథ చివరికి వచ్చిన శక్తులన్నీ ఉన్నట్టు లెక్క. ఎవరూ ఎవర్నీ చంపకూడదు. మామూలు కుర్రాడి రూపంలోకి ముందు మారిపోయినవాడు ఓడినట్టు.

మొదటి రౌండు, ఒంటి బలం. ఎర్రటి డ్రాగన్ శరీరం, గోళ్ళు, తోక ఉన్న జేక్ ముందు డానీ నిలవడం కష్టం. డానీకీ మనిషిని మించిన బలం ఉంది గానీ కుస్తీకి దిగితే దెబ్బతింటాడు. ఇది జేక్‌కే.

రెండో రౌండు, దూరం నుంచి కొట్టే దెబ్బ. జేక్ నోటి నుంచి నిప్పు, డానీ చేతుల నుంచి ఆకుపచ్చ కిరణాలు. చివరి సీజన్‌లో డానీకి మంచు శక్తి కూడా వచ్చింది. నిప్పుకి మంచు జవాబని తమ్ముడు, మంచుకి నిప్పు జవాబని అక్క. పావుగంట వాదించుకున్నాక సమం అని రాశాను.

మూడో రౌండు, తప్పించుకోవడం. ఇక్కడ డానీదే పైచేయి. గాలిలా మారిపోతే నిప్పు తగలదు, తోక తగలదు. అక్క ఊరుకోలేదు. డ్రాగన్‌కి కంటిచూపు, వినికిడి చాలా పదును, మాయమైనా ఎక్కడున్నాడో పసిగడతాడంది. "పసిగట్టి ఏం లాభమమ్మా, చెయ్యి పెడితే గాలే కదా," అన్నారు పెద్దమనిషిగారు. పైగా డానీ ఎదుటివాడి ఒంట్లో దూరి వాణ్ణి ఆడించగలడు. "పూనకం," అని నాన్నగారు ఒక్కమాటలో తేల్చేశారు. మావాడికి ఆ మాట ఎంత నచ్చిందంటే మర్నాడంతా ఇంట్లో పూనకమే.

నాలుగో రౌండు, శిక్షణ. జేక్‌కి తాత దగ్గర క్రమం తప్పని సాధన. డానీ దెబ్బలు తింటూ చాలావరకు సొంతంగా నేర్చుకున్నవాడు. "నేను చేరిన కొత్తలో మూడు నెలల దాకా మా మేస్త్రి స్తంభం ఎక్కనివ్వలేదు. కింద నిలబడి తాడు అందించడమే నా పని. అప్పట్లో తిట్టుకున్నాను. ఆ మూడు నెలలే నన్ను ఈ రోజు మీ ముందు కూర్చోబెట్టాయి," అన్నారు నాన్నగారు. రౌండు జేక్‌కి పోయింది. మావాడు కూడా అడ్డు చెప్పలేదు.

అయిదో రౌండు, ఆఖరి అస్త్రం. డానీ దగ్గర ఒక అరుపు ఉంది. దయ్యం అరుపు. ఆ శబ్దతరంగాలకు ఎదురుగా ఉన్నవన్నీ కూలిపోతాయి. నిప్పు నుంచి పక్కకు తప్పుకోవచ్చు, శబ్దం నుంచి ఎటు తప్పుకుంటాం? అయితే ఆ అస్త్రం వాడాక డానీ ఒంట్లో సత్తువంతా పోయి మామూలు కుర్రాడైపోతాడు. అంటే అరుపుకి జేక్ పడితే డానీ గెలుపు, పడకపోతే అక్కడికక్కడే ఓటమి. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. అలాంటి సిస్టమ్‌ని నేనైతే ప్రొడక్షన్‌లోకి పంపను. అయినా జేక్‌కి అంతటి అస్త్రం లేదు గనుక రౌండు డానీకి ఇచ్చాం.

లెక్క చూస్తే జేక్‌కి రెండు, డానీకి రెండు, ఒకటి సమం.

కృష్ణుడా, అర్జునుడా?

"ఈ తగవు మాకు కొత్తేం కాదురా," అని నాన్నగారు గ్లాసు పక్కన పెట్టారు. "1963లో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' వచ్చింది. అప్పటికి నాకు నీ వయసే. రామారావు కృష్ణుడు, నాగేశ్వరరావు అర్జునుడు. టాకీసులో నేల టిక్కెట్టు వాళ్ళం సగం మంది కృష్ణుడి వైపు, సగం మంది అర్జునుడి వైపు. బొమ్మలో వాళ్ళు బాణాలేసుకుంటుంటే ఇక్కడ మేం చొక్కాలు చింపుకున్నాం."

పిల్లలకు కథ తెలియదు. ఆయనే చెప్పారు. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం, సూర్యుడికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేశాడు. గయుడు పరుగెత్తుకుంటూ పోయి అర్జునుడి శరణు కోరాడు. తనను చంపబోతున్నది ఎవరో చెప్పకుండానే అభయం పుచ్చుకున్నాడు. తీరా చూస్తే అవతల ఉన్నది ప్రాణస్నేహితుడు, బావ. ఇచ్చిన మాట తప్పలేక ఇద్దరూ యుద్ధానికి దిగారు. వ్యాసభారతంలో లేని కథ ఇది. అయినా చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం' నాటకం పుణ్యమా అని సినిమా రాకముందే తెలుగునాట ఊరూరా తెలుసు.

"ఎవరు గెలిచారు?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"ఎవరూ గెలవలా. దేవుళ్ళు దిగొచ్చి ఆపాల్సి వచ్చింది. గయుడు బతికాడు. అందుకే అడుగుతున్నా. ఈ మీ ఇద్దరూ మంచి కుర్రాళ్ళేగా? వీళ్ళెందుకు కొట్టుకుంటారు? కారణం తెలియకుండా తీర్పెలా చెప్పను?"

మేమెవరం ఆ సంగతి ఆలోచించలేదు. అక్క కాసేపు ఆలోచించి, డానీ దయ్యమని జేక్ పొరబడి ఊరిని కాపాడటానికి వస్తాడని చెప్పింది. బాగానే కుదిరింది. ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. ఇద్దరూ సమానం కాబట్టి, ఎక్కువసేపు ఎవరు నిలబడగలరు?

ఇంట్లో కూడా ఫైటే

"డానీ," అన్నాడు మావాడు. ఈసారి అరవలేదు.

"ఎందుకు?" అంది అక్క.

"జేక్‌కి ఇంటికెళ్తే రెస్ట్. తాతకి తెలుసు, మమ్మీకి తెలుసు, చెల్లెలికి తెలుసు. డానీకి ఇంట్లో కూడా ఫైటే. ఎప్పుడూ ప్రాక్టీసే. అందుకని వాడు టయర్ అవ్వడు."

"ఇంట్లో ఎవరితో నాన్నా ఫైటు?" అని నాన్నగారు మెల్లగా అడిగారు.

"మమ్మీ డాడీ బ్యాడ్ కాదు తాతగారూ. చాలా లవ్ చేస్తారు. కానీ వాళ్ళకి తెలీదు. డిన్నర్ టైమ్‌లో, ఆ దయ్యం దొరికితే ముక్కలు ముక్కలు చేస్తాం అంటారు. డానీ అక్కడే కూర్చుని ఉంటాడు. తింటూ ఉంటాడు."

మా అమ్మాయి తమ్ముడి వైపు చూసి వెంటనే కంచంలోకి తల దించేసుకుంది. ఆ చూపు నాన్నగారు పట్టుకున్నారు. కాస్త ఆలస్యంగా నేనూ పట్టుకున్నాను. డానీకీ ఒక అక్క ఉంది. పేరు జాజ్. తమ్ముడి రహస్యం ఆమెకు తెలుస్తుంది. తెలిసినట్టు వాడితో అనకుండా, వాడంతట వాడు చెప్పేదాకా ఆగుతుంది.

"నీకేమైనా చెప్పాలని ఉందా?" అన్నాను. గొంతు నేననుకున్నదాని కన్నా గట్టిగా వచ్చింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు నాన్నగారు మధ్యలోకి వచ్చారు. వాడితో కాదు, నాతో మాట్లాడారు. "ఒరేయ్, ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కలు ఒకటో పేపర్లో నీకెన్ని వచ్చాయి?"

నాకు చెమట పట్టింది. నలభై దాటినవాణ్ణి, పాతికమందికి పని చెప్పేవాణ్ణి, నిజంగా చెమట పట్టింది. "అరవై ఒకటి," అన్నాను. 1997లో ఇంట్లో చెప్పిన జవాబు అదే.

"ముప్పై ఒకటి," అన్నారాయన. "డెబ్బై అయిదుకి ముప్పై ఒకటి. రేషన్ కార్డు వెతుకుతుంటే నీ అట్లాసులో మెమో దొరికింది. నువ్వే వచ్చి చెప్తావని ఊరుకున్నా. పాతికేళ్ళు దాటింది, ఇంకా చూస్తూనే ఉన్నా."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. అమ్మాయి టేబుల్ కొట్టి నవ్వింది. మావాడు మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తున్నాడు, కొత్తగా చూస్తున్నట్టు. కాసేపాగి ఇంగ్లీషులో చెప్పేశాడు. మూడు వారాల కిందట వాణ్ణి అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసు నుంచి మామూలు క్లాసుకి మార్చారు.

"స్కూలు వాళ్ళు నాకెందుకు చెప్పలేదు?" అన్నాను వెంటనే.

"చెప్పారు నాన్నా. ఈమెయిల్ పంపించారు. నువ్వు క్లిక్ చేశావు."

ఫోన్ తీసి చూశాను. నిజమే. పేరెంట్ పోర్టల్ నుంచి వచ్చిన ఉత్తరం అక్కడే ఉంది. వివరంగా, మర్యాదగా రాశారు. చదివానని ఒప్పుకునే బటన్ నేనే నొక్కాను. మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకు, ఏదో మీటింగులో ఉండి, ఒక్క వాక్యం కూడా చదవకుండా. ఆ సాయంత్రమంతా నేను అరుస్తానని వాడు ఎదురుచూశాడట. నేను అరవలేదు. రెండో రోజూ అరవలేదు. నాకు తెలియనే తెలియదని మూడో రోజు అర్థమైందట. అదే వారంలో భోజనాల దగ్గర నేను, మనకు తెలిసిన ఒకరి అబ్బాయిని ఇలాగే క్లాసు మార్చారని, ఆ తల్లిదండ్రులు ఏం చేస్తున్నారోనని, ఇక ఆ పిల్లాడు పైకొచ్చినట్టేనని, పప్పు కలుపుకుంటూ చెప్పాను. మావాడు అక్కడే కూర్చుని ఉన్నాడు. తింటూ ఉన్నాడు.

బేస్‌మెంట్‌లో పోర్టల్ పెట్టుకుని, లోపలి బటన్ ఏమిటో చూసుకోని తండ్రిని మా నాన్నగారు సస్పెండ్ చేసి అప్పటికి గంట కూడా కాలేదు.

ఏం మాట్లాడాలో తెలియక, "ఆ రోజు ఆ అబ్బాయి గురించి అలా అనకుండా ఉండాల్సింది," అన్నాను. వాడు "ఇట్స్ ఓకే" అన్నాడు. ఆ మాట అన్నంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. నాన్నగారు లేచి, చల్లారిన పప్పుచారు వేడి చేయమని కోడలికి చెప్పి, మనవడి కంచం తనే అందుకున్నారు.

కెనాల్ స్ట్రీట్

తర్వాతి శనివారం అందరం ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి, సబ్‌వే పట్టుకుని కెనాల్ స్ట్రీట్‌కి వెళ్ళాం. లావో షీ కొట్టు ఉండే వీధి చూడాలని నాన్నగారి కోరిక. పిల్లలు సిగ్గుపడుతూ, "అది కార్టూన్ తాతగారూ, నిజం కాదు," అని పదిసార్లు చెప్పారు. "తెలుసులేరా. వీధి నిజమేగా," అన్నారాయన.

వీధి నిజమే. చేతి గడియారాలు, సంచులు, జనం. అక్కడి నుంచి చైనాటౌన్ లోపలికి నడిచి కొలంబస్ పార్కుకి చేరాం. రాతిబల్లల దగ్గర ముసలివాళ్ళు గుంపులుగా చేరి చైనా చదరంగం ఆడుతున్నారు. ఒక్కో ఆటకు ఇద్దరు ఆడేవాళ్ళు, పదిమంది సలహాదారులు. అచ్చం తెనాలిలో మా వీధి టీ కొట్టు దగ్గర లాగానే. గుర్రమేదో ఏనుగేదో తెలియకపోయినా నాన్నగారు అరగంట కదల్లేదు. ఒక ఎత్తుకి "అబ్బా" అని నాలుక్కరుచుకున్నారు కూడా. పక్కనున్న పెద్దాయన ఈయన్ని చూసి తల ఊపాడు.

ఆ పెద్దాయన దగ్గర పదేళ్ళ కుర్రాడొకడు నిలబడి, తాతకు ఏదో చెబుతున్నాడు. నాలుగు మాటలకోసారి ఆగుతాడు, ఒక ఇంగ్లీషు మాట వేస్తాడు, చేతులతో చూపిస్తాడు. తాత ఓపిగ్గా ఆగి, ఆ మాట చైనా భాషలో చెప్తాడు. మావాడు వాళ్ళను చాలాసేపు చూసి నా చెవిలో అన్నాడు, "నాన్నా, వాడి చైనీస్ నా తెలుగు లాగే ఉంది."

తిరుగు రైల్లో నేనూ వాడూ పక్కపక్కన కూర్చున్నాం. డానీ తల్లిదండ్రులకు అసలు ఎప్పటికైనా తెలుస్తుందా అని అడిగాను. 2006లో వచ్చిన 'రియాలిటీ ట్రిప్' అనే భాగంలో తెలుస్తుందట. నిజం తెలిశాక వాళ్ళు కొడుకుని ప్రేమగానే దగ్గరకు తీసుకుంటారట. అయినా డానీ తన చేతికొచ్చిన ఒక మాయాశక్తితో వాళ్ళు అదంతా మర్చిపోయేటట్టు చేస్తాడట.

"అదేంట్రా? ఒప్పుకున్నారుగా, మళ్ళీ ఎందుకు?"

వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అప్పటికి వాడు రెడీగా లేడు నాన్నా. లాస్ట్ ఎపిసోడ్‌లో అందరికీ చెప్తాడు," అన్నాడు.

నాకు ఎమ్మెస్ పట్టా ఉంది. డేటా ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం నా పిల్లాడి సంగతి నాకు చేరడానికి ఒక దయ్యం, ఒక డ్రాగన్, ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్ కావాల్సి వచ్చింది. పిల్లలు కార్టూన్ల గురించి పోట్లాడుకుంటుంటే ఇదివరకు "హోంవర్క్ అయిందా?" అనేవాణ్ణి. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాను. ఎవరు గెలుస్తారని అడిగితే వాళ్ళు శక్తుల లెక్క చెప్తారు. ఎందుకు గెలుస్తారని అడిగితే మాత్రం ఒక్కోసారి వాళ్ళ సంగతే చెప్పేస్తారు. అందుకని రెండోది అడగడం మర్చిపోకండి.

మావాడు ప్రస్తుతం మామూలు లెక్కల క్లాసులోనే ఉన్నాడు. వచ్చే సంవత్సరం సంగతి వచ్చే సంవత్సరం చూసుకుంటాం. పోర్టల్ ఉత్తరాలు ప్రతి శుక్రవారం కాఫీ తాగుతూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతున్నాను. నాన్నగారు తెనాలి తిరిగి వెళ్ళిపోయారు. ఆదివారం పొద్దున వీడియో కాల్ చేస్తే నన్ను రెండు మాటలు పలకరించి, "వాణ్ణి పిలువు," అంటారు. "ఈ వారం ఎవరికీ ఎవరికీ రా?" అని మొదలవుతుంది. పోయిన వారం డానీకీ ఘటోత్కచుడికీ పడింది. తాతగారు పక్షపాతం చూపించారని మావాడి ఫిర్యాదు. ఘటోత్కచుడు కూడా సగం మనిషే, భీముడి కొడుకే అని వాడికి ఆ రోజే తెలిసింది.

ఈ వ్యాసం రాస్తానంటే మావాడు వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, చదివి వినిపించుకుని, ఒక షరతు మీద సరేనన్నాడు. ఆఖరున స్పష్టంగా అచ్చులో ఉండాలన్నాడు. మాట ఇచ్చాను, తప్పకూడదు కదా.

డానీయే గెలిచాడు.

ఈ తీర్పు తనకు సమ్మతం కాదని, అది కూడా అచ్చులో ఉండాలని మా అమ్మాయి పట్టుబట్టింది. అదీ రాశాను.